పోటు ఎనిమిది

నాకు రాయడం సంతకం వరకే వచ్చు. అంకెలు పోల్చుకోగలను. అందుకని నేను చెబుతున్నాను, సునీత రాస్తోంది. వెనక ఒకసారి కూడా ఇలాగే నేను చెబితే తను రాసింది. ఆ రాతలో ఒక్క మాట మమ్మల్నందరినీ రేవులో నిలబెట్టేసింది. దాని చోటు వచ్చినప్పుడు ఆ సంగతి చెబుతాను. అప్పుడు సునీత డిగ్రీ చదివే పిల్ల. ఇప్పుడు అదే కాలేజీలో లెక్చరరు. పిల్లలు ఫోన్లతో పాటలు తీస్తున్నారట. తీసేముందు ఏం చూడాలో, ఎలా చూడాలో వాళ్ళకు నన్ను చెప్పమంది.

"చెప్పింది చెప్పినట్టు రాయి. నీ సొంత సర్దుబాట్లు వద్దు" అన్నాను.

"అలాగేనండి తాయారమ్మగారూ" అంది. చూద్దాం.

గది

మా ఊరు వశిష్ఠ గోదావరి ఒడ్డున ఉంది. రేవు దాటితే సఖినేటిపల్లి. మా ఆయన ఆడపిల్లల కాలేజీలో అటెండరు. ఆయన పోయాక ఆ ఉద్యోగం నాకిచ్చారు. కొన్నాళ్ళు వరండాలు ఊడ్చాను, గంట కొట్టాను. తర్వాత ఒకరోజు టీవీ రూము తాళం నా చేతికొచ్చింది. రిటైరయ్యేదాకా ఆ తాళం నా బొడ్లోనే ఉంది. ఉద్యోగం అంటే నాకు ఆ గదే.

చెక్క తలుపుల పెట్టెలో పెద్ద టీవీ, దాని కింద వీసీఆర్, నలభై కుర్చీలు, నేను కుట్టిన నల్ల తెరలు. నా పని తెరలు దించడం, క్యాసెట్టు పెట్టడం, అయ్యాక వెనక్కి తిప్పడం. లెక్చరర్లలో సగం మంది ఆ చీకట్లో నిద్రపోవడానికి వచ్చేవారు. ఇది అబద్ధం కాదు. టీవీలో మొగ్గ విచ్చుకుంటూ ఉంటే పాఠం చెప్పాల్సిన లెక్చరరుగారు గురక పెడుతూ ఉండేవారు. నాకు మటుకు నోరు తెరుచుకుపోయేది. రాత్రంతా జరిగే పనిని అరనిమిషంలో చూపిస్తున్నారు, చూడకుండా ఎలా నిద్రపోతారో నాకు అర్థమయ్యేది కాదు.

చేరిన కొత్తలో పెద్ద తప్పు చేశాను. బొమ్మ మీద గీతలు వస్తున్నాయని వీసీఆర్ మూత ఎత్తి, తడి పైటకొంగుతో లోపల తుడిచేశాను. బొమ్మ పూర్తిగా పోయింది. ఉద్యోగం పోయిందనుకున్నాను. అప్పుడే కమల మేడం కొత్తగా వచ్చారు. రాజమండ్రి ఆవిడ. ఇంగ్లీషు చెప్పేవారు, దాంతోపాటు పిల్లలకి చిన్న చిన్న ఫిల్ములు తీయడం నేర్పాలని ఆవిడకో పిచ్చి. ఆవిడ నన్ను తిట్టలేదు. మెకానిక్ వచ్చినప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టి, "చూడండి తాయారమ్మా, దీని కన్ను ఇదే. కంట్లో తడి కొంగు పెడితే మనకు మాత్రం కనపడుతుందా?" అన్నారు. అద్దంలా మెరిసే చిన్న డ్రమ్ము, దాని చుట్టూ వంగి పోతున్న టేపు. ఆ నల్ల రిబ్బనులోనే మనుషులు, వానలు, గుర్రాలు అన్నీ ఉన్నాయని తెలిసిన రోజు నాకు అన్నం సయించలేదు. కాలేజీలో నన్ను మీరు అని పిలిచింది ఆవిడొక్కరే.

అతుకు

మేడం ఫిల్ములు నేర్చుకోవడానికి చేరిన ఆరుగురు పిల్లలకి టీవీలో వచ్చే పాటలు రికార్డు చేయించి తెచ్చేవారు. ఒక్కో పాటా మూడుసార్లు చూడాలి. మొదటిసారి ఊరికే. రెండోసారి సౌండు తీసేసి. మూడోసారి కళ్ళు మూసుకుని వినడం. పిల్లలు మొదట్లో నవ్వేవారు. పాటలో సౌండు తీసేస్తే ఇంకేం మిగులుతుందండీ అనేవారు.

నేను తలుపు దగ్గర పీట వేసుకుని కూర్చునేదాన్ని. సౌండు తీసిన మొదటి రోజే నాకు ఒక వింత దొరికింది. ఒక పాటలో ఆ అమ్మాయి పెద్ద మేడ మెట్లమీద నిలబడి తల తిప్పుతుంది. తల తిప్పడం మెట్లమీద మొదలైంది. అటు తిరిగేసరికి ఆమె ఇసుక ఎడారిలో ఉంది. చీర వేరు. ఊరు వేరు. తల తిప్పడం మాత్రం ఒక్కటే. సౌండుతో చూసినప్పుడు అది నాకు కనపడనే లేదు.

నేను పెళ్ళికి ముందు లేసు అల్లేదాన్ని. మా వైపు ఆడవాళ్ళకు అది మామూలే. పువ్వు పువ్వుగా విడివిడిగా అల్లి, తర్వాత అన్నీ కలిపి టేబులు గుడ్డ చేస్తాం. అతుకు కనపడిందంటే ఆ గుడ్డ వెనక్కి వచ్చేస్తుంది. నమూనా చేతికిస్తే కళ్ళు ముందు అతుకులే వెతుకుతాయి. అదే కన్నుతో చూశాను. ఉండబట్టలేక, "మేడంగారండి, ఇది అతికిందండి. తల మధ్యలో అతికారండి" అన్నాను.

గదంతా వెనక్కి తిరిగింది. మేడం పాట ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ వేశారు. పిల్లలకీ కనపడింది. మేడం అన్నారు: "ఇవాళ్టినుంచి ఆ పీట తలుపు దగ్గర కాదు, ఇక్కడ నా పక్కన వేసుకోండి."

ఆ తర్వాత చూడని పాట లేదు. ఒక వాన పాటలో సౌండు తీసి నేల చూడమన్నాను. ఆమె నిలబడ్డంత మేర తడి, వెనక చెట్టు పొడిగా ఉంది. ఊరందరికీ పడాల్సిన వాన ఆమె ఒక్కదానికే పడుతోంది. ఇంకో పాటలో మైదానం నిండా డాన్సు చేసేవాళ్ళు. గాజులు చూసి లెక్కపెట్టాను. పదహారు మందే. ఇటునుంచి వెళ్ళినవాళ్ళే జాకెట్లు మార్చుకుని అటునుంచి వస్తున్నారు. మోసం అంది ఒక పిల్ల. నాకలా అనిపించలేదు. పదహారు మందితో తిరునాళ్ళు చేసినవాడికి దండం పెట్టాలనిపించింది. మన దగ్గర ఆరుగురే ఉన్నారు, మనమూ చెయ్యొచ్చు అన్నారు మేడం. మేము ఆ పాటలు చూసింది అందుకే. ఎలా చేశారో తెలిస్తే మనకున్న దాంతో ఏం చేయగలమో తెలుస్తుంది.

కొలత

ఒక అతుకునుంచి ఇంకో అతుకుదాకా ఉండే ముక్క ఎంతసేపు ఉందో కొలవడం దగ్గర అందరం చిక్కుకుపోయాం. వీసీఆర్ మీద అంకెలు తిరిగేవి. వాటిని నమ్మి పిల్లలు పుస్తకాల్లో రాసుకున్నారు. క్యాసెట్టు మొదట్లో పదంకెలు, చివర్లో పదంకెలు ఒకటే అనుకున్నారు. కావు. చుట్ట లావయ్యేకొద్దీ అంకె నెమ్మదిగా తిరుగుతుంది. పది రోజుల రాత వృథా అయింది. గడియారం పట్టుకుంటే కళ్ళు గడియారం మీదే ఉండి బొమ్మ జారిపోయేది.

నేను చిన్నప్పుడు మా అమ్మతో వడ్లు దంచాను. ఒక రోలు, రెండు రోకళ్ళు. ఆమె పోటు, నా పోటు, ఆమె పోటు. ఒక్క లిప్త తేడా వస్తే రోకళ్ళు కొట్టుకుంటాయి. ఆ లెక్క ఒంట్లో ఉండిపోతుంది, ఎప్పుడు అడిగినా వస్తుంది. పాట చూస్తూ తొడమీద చేత్తో తట్టుకుంటూ చెప్పేదాన్ని: ఇది రెండు పోట్లు, ఇది మూడు, ఇది ఒకటిన్నర. మేడం వాచీ పెట్టి నాలుగు రోజులు పరీక్ష చేశారు. తేడా రాలేదు. అప్పటినుంచి మా కాలేజీలో ముక్కల్ని పోట్లతో కొలిచారు. రాయడం సునీత పని. తన దస్తూరి బాగుంటుంది.

అలా కొలుస్తుంటే ఒకరోజు ఇంకో వింత తెలిసింది. పాటంతా రెండేసి, మూడేసి పోట్ల ముక్కలు. ఒక్కచోట మాత్రం పదకొండు. అక్కడ ఏమీ జరగదు. డాన్సు లేదు, కొండల్లేవు. ఆమె ఏడవబోయి ఏడవకుండా నిలబడి ఉంటుంది, అంతే. సౌండుతో చూసినప్పుడు అక్కడే పిల్లలు ఓణీ కొంగులు కళ్ళకి అద్దుకున్నారు. ఎందుకో అంకె చెప్పేసింది. మిగతా పాటంతా పరుగెత్తి పరుగెత్తి ఆ పదకొండు పోట్లకోసం స్థలం మిగిల్చాడు. ఆ తీసినవాడెవడో నాకు తెలియదు. ఇప్పటికీ తలుచుకుంటే చేతులు జోడించబుద్ధవుతుంది.

ప్రిన్సిపాలుగారు

మా ప్రిన్సిపాలుగారు మంచాయన. క్రమం తప్పేవారు కాదు, ఎవరిమీదా నోరు పారేసుకునేవారు కాదు. కానీ వినడానికి కూర్చుంటారు గాని చూడటానికి కూర్చోరు. అది ఆయన లోపం. కాలేజీకి కంప్యూటర్లు వస్తున్నాయి, వాటికి గది కావాలి. మేడంని, నన్ను పిలిపించారు.

"మూడేళ్ళుగా ఆ గదిలో సినిమా పాటలు చూడటం తప్ప ఏం జరిగిందమ్మా? ఇంకొకళ్ళు తీసినవి చూశారు. మీరు తీసింది ఏదీ?"

మేడం నెలాఖరులోపు మన పిల్లలు తీసిన పాట ఒకటి చూపిస్తామన్నారు.

"చూపించండి. బాగుంటే గది మీదే. లేకపోతే తాయారమ్మ ఆ తాళం తెచ్చి ఆఫీసులో ఇచ్చేస్తుంది."

చీపురు పట్టడానికి నాకు నామోషీ లేదు. మళ్ళీ వరండాలు ఊడుస్తాను. కానీ పొడి చెట్టు ముందు ఒక్కదానికే పడే వాన మళ్ళీ ఎక్కడ చూస్తాను? ఆ రోజు బొడ్లో తాళం బరువుగా తోచింది.

కాగితం

దుర్గ అని ఒక పిల్ల రోజూ అవతలి ఒడ్డునుంచి, రేవు దాటించే పెద్ద పడవ, పంటు ఎక్కి కాలేజీకి వచ్చేది. బాగా పాడేది. పంటు తప్పిపోయిన రోజు రేవులో నిలబడే ఆడపిల్ల మీద పిల్లలే పాట కట్టుకున్నారు. టీవీ రూములోనే తలుపులు మూసి, గోడలకి బొంతలు వేలాడదీసి టేపు రికార్డర్లో పాడించాం.

కెమెరా బాబ్జీది. పెళ్ళిళ్ళకి వీడియో తీసేవాడు. మూఢం నడుస్తోంది, ముహూర్తాలు లేవు, కెమెరా ఖాళీగా ఉంది. మూఢం వెళ్ళే ముందు ఆదివారం ఒక్కరోజు ఇస్తానన్నాడు. అదీ మధ్యాహ్నం రెండింటిదాకానే. రెండుగంటల బస్సుకి రావులపాలెం పెళ్ళివారింటికి వెళ్ళిపోవాలి.

మేము కాగితం మీద పాటంతా ముక్కలుగా కోసి పెట్టుకున్నాం. పంటు ఎక్కే జనం ఎక్కువమంది కనపడాలి కాబట్టి ఆరుగురూ ఓణీలు మార్చుకుని రెండుసార్లు ఎక్కాలి. ఇది గాజుల పాటలో నేర్చుకున్నది. అసలు ముక్క వేరే ఉంది. పొద్దున నీరు తీసి ఉన్నప్పుడు రేవు పక్కన మెత్తటి బురద బయటపడుతుంది. దానిమీద దుర్గ అడుగులు పడాలి. ఆ అడుగుల చివర ఆమె ఒంటరిగా నిలబడి వెళ్ళిపోతున్న పంటుని చూడాలి. తల తిప్పిన ఆ ఎడారి పాటలోనే ఆమె ఇసుకమీద ఇలా అడుగులు వేసుకుంటూ పోతుంది. ఉన్నమాట చెప్పాలి కదా, ఆ ముక్క మేము దించేశాం. ఇసుక బదులు బురద పెట్టాం, అంతే. దానికి ఎనిమిది పోట్ల నిడివి చెప్పాను.

సునీత రాసింది: "రేవు. దుర్గ ఒంటరిగా. పోటు 8."

ఆ కాగితమే బాబ్జీకి పంపాం. నాకు చదవడం రాదు, చూసుకోలేదు. చదివినా తప్పు పట్టేదాన్ని కాదేమో. మా గదిలో పోటంటే కొలత. గది బయట, గోదావరి ఒడ్డున పోటంటే ఏమిటో ఊళ్ళో పుట్టి పెరిగిన నాకు తెలియదా? తెలుసు. అయినా తట్టలేదు.

ఆదివారం

ఏడున్నరకే రేవులో ఉన్నాం. బురద నున్నగా పరుచుకుని ఉంది. ఎండ ఏటవాలుగా పడుతోంది. మేడం కళ్ళతోనే ఫోటో తీసేసుకుంటున్నారు. బాబ్జీ లేడు. ఎనిమిదయింది. తొమ్మిదయింది. మేడం పక్క కొట్టుకి వెళ్ళి అతని స్టూడియోకి ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదు. బురద అంచున నీరు మెల్లగా పైకి రావడం నేను చూస్తూనే ఉన్నాను.

పదింటికి బాబ్జీ, పంటు నడిపే వెంకన్న కబుర్లాడుకుంటూ తీరిగ్గా వచ్చారు. మేడం ఎదురెళ్ళి ఇంత ఆలస్యమా అన్నారు.

"అదేంటండి మేడంగారు, ఆలస్యం ఎక్కడండి, ఇంకా ముందే వచ్చాం" అన్నాడు బాబ్జీ. కాగితం తీసి చూపించాడు. "మీరే రాశారు కదండి, పోటు ఎనిమిదని. వెంకన్నకి చదివి వినిపిస్తే ఎనిమిదింటికి పోటెక్కడిది, ఇవాళ పదకొండున్నర దాటాలి అన్నాడు. బురదకోసం అంత పొద్దున్నే ఎందుకని ఆగామండి."

వెంకన్న నా వైపు తిరిగాడు. "నలభై ఏళ్ళుగా నీటిమీద ఉన్నానండి తాయారమ్మగారు. కాగితంమీద రాశారని ఎనిమిదింటికి పోటు రప్పించమంటే నా వల్ల అవుద్దాండి?"

మేడం రాజమండ్రి మనిషి. అక్కడ ఆనకట్టకి పైన గోదావరికి పోటు లేదు. ఆవిడకి ఏమీ అర్థం కాలేదు. సముద్రం ఎగదన్నితే నీరు ఎక్కడాన్ని ఇక్కడ పోటంటారని, మన ఎనిమిది పోట్లని వీళ్ళు ఎనిమిదింటి పోటనుకున్నారని చెప్పాను. మేడం నన్ను చూశారు, నీళ్ళను చూశారు. బురద సగం మునిగిపోయింది. సునీత మెట్లమీద కూర్చుని ఏడ్చింది.

ఇది రాస్తూ "ఏడవలేదండి" అంటోంది. ఏడ్చింది. రాయి.

మేడం మాత్రం కూర్చోలేదు. ముందు పంటు మీది ముక్కలు తీయించారు. ఆరుగురూ ఓణీలు మార్చుకుని పన్నెండుమంది అయ్యారు. వెంకన్న అవతలి ఒడ్డుకి మూడుసార్లు తిప్పాడు. అవి అయ్యేసరికి పన్నెండు. ఎండ నడినెత్తికొచ్చింది. బురద లేదు, అడుగులు లేవు. రేవు మెట్లు మాత్రం పైన నాలుగు మిగిలాయి.

"అక్కడే నిలబడు దుర్గా" అన్నారు మేడం. "చేసేదేం లేదు. తాయారమ్మా, మీరు లెక్కపెట్టండి."

దుర్గ నీటికి ఒక్క మెట్టు పైన నిలబడింది. పంటు కదిలి వెళ్ళింది. పాట విడిగా రికార్డయి ఉంది కాబట్టి నోటితో లెక్కపెట్టినా ఫరవాలేదు. ఒకటి, రెండు, మూడు అంటున్నాను. పంటు తోసిన అలలు వచ్చి మెట్లకి తగిలాయి. ఒక్కో అల ఒక్కో వేలు పైకి వస్తోంది. వెనక్కి పోవాల్సిన నీరు పోవడం లేదు, కిందినుంచి పోటు దాన్ని ఎత్తి పట్టుకుంటోంది. కింది మెట్టు కనపడకుండా పోయింది. ఎనిమిది అన్నాను.

ఆపండి అనాల్సింది నేనే. అనలేదు. దుర్గ కదల్లేదు. నిజంగా పంటు తప్పిన రోజు ఎలా నిలబడుతుందో అలాగే నిలబడింది. నీళ్ళు మెల్లగా ఆమె పాదాల దగ్గరికి వచ్చి, వేళ్ళు తడిపి, పాదాలమీదికి ఎక్కాయి. ఎందుకిలా నిలబడ్డావని గోదావరే వచ్చి అడుగుతున్నట్టుంది. మా ఊరి నీళ్ళు, పుట్టినప్పటినుంచీ చూస్తున్న నీళ్ళు. అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. లెక్క మానేశాను. నేను ఆపమనలేదని బాబ్జీ ఆపలేదు.

దుర్గే వెనక్కి తిరిగి, "అయిందాండి?" అంది. అప్పుడు ఆపాడు.

తెర దించి

ముక్కలు అతికేటప్పుడు బాబ్జీ మొత్తుకున్నాడు. రేవు ముక్క ఇరవై రెండు పోట్లుంది. పాటలో చోటు ఎనిమిదికే ఉంది. ఆ టేపులో నా గొంతు ఎనిమిది దాకా వినపడుతుంది, ఆ తర్వాత ఒట్టి నీళ్ళ చప్పుడు. మేడం ఆ ముక్క మళ్ళీ మళ్ళీ వేయించుకుని చూశారు. పాటని అక్కడ ఆపేద్దాం అన్నారు. దుర్గ గొంతు ఎనిమిదో పోటుకి ఆగిపోతుంది, మిగతా పద్నాలుగూ నీళ్ళే వినపడాలి. అలాంటి ముక్క మేము చూసిన ఏ పాటలోనూ లేదు. అది ఏ నమూనా చూసి అల్లిందీ కాదు.

ప్రిన్సిపాలుగారు వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. కంప్యూటర్లవాళ్ళు గది కొలుచుకోవడానికి టేపు పట్టుకుని బయట నిలబడి ఉన్నారు. నేను తెరలు దించి క్యాసెట్టు పెట్టాను. తాళం బొడ్లోంచి తీసి చేత్తో పట్టుకున్నాను, అడగగానే ఇచ్చేద్దామని.

పంటు ముక్కలు వచ్చినప్పుడు ఆయన చేతివాచీ చూసుకున్నారు. రేవు ముక్క వచ్చింది. పాట ఆగింది. టీవీ పాడయిందనుకుని ఆయన నావైపు చూడబోయారు. ఇంతలో మెట్టు మునిగింది. ఇంక తల తిప్పలేదు.

అయిపోయాక మేడంని అడిగారు: "ఆ నీళ్ళు ఎలా పెంచారమ్మా?"

మేడం అన్నారు: "పోటు, సార్."

సునీత నవ్వు ఆపుకోలేక బయటికి పరుగెత్తింది. ఆయనకి ఆ నవ్వెందుకో తెలియదు. కుర్చీలో వెనక్కి వాలి, "తాయారమ్మా, మళ్ళీ వెయ్యి. ఈసారి సౌండు తీసెయ్యి" అన్నారు.

మాలో ఎవరూ ఆయనకి ఆ మాట చెప్పలేదు. సౌండు తీసి చూడాలని ఆయనకే తోచింది. వెనక్కి తిప్పి వేశాను. చీకట్లో చప్పుడు లేదు. రేవు ముక్క వచ్చేసరికి ఆయన వేలు అచ్చం మా పోటు లెక్కనే కుర్చీ చెక్కమీద తడుతోంది. ఎనిమిది దాటింది, పదిహేను దాటింది. దుర్గ పాదాలు మునిగాయి.

"ఇరవై రెండు" అన్నారు తనలో తాను.

"ఇరవై రెండేనండి" అన్నాను. తాళం మళ్ళీ బొడ్లో దోపుకున్నాను.